అటక మీద స్టాకు

మొన్న మనవరాలికి గేముల మిషను కొందామని షాపుకెళ్తే, కౌంటర్లో కుర్రాడు మొహం గంభీరంగా పెట్టి "నో స్టాకమ్మా, దీపావళి సేల్‌కే వస్తుంది" అన్నాడు. నాకు నవ్వాగలేదు. "బాబూ, ఈ మాట నువ్వు పుట్టకముందే నేను చెప్పాను, నీకంటే బాగా చెప్పాను" అన్నాను. పాపం, బిక్కమొహం వేశాడు.

ఎనభైల్లో మాట. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. రోజూ కంచరపాలెం నించి బస్సెక్కి టౌన్లో ఒక వాచీలూ టేప్ రికార్డర్లూ అమ్మే షాపుకి పనికెళ్లేదాన్ని. ఓనరుది గోదావరి జిల్లా. మనసు వెన్నే గానీ వ్యాపారం దగ్గర మహా గడుసు.

ఆ ఏడు దసరా ముందు కలకత్తా పార్సిల్లో వీడియో గేములొచ్చాయి. సబ్బుపెట్టెంత ఉంటాయి, అరచేతిలో పట్టేస్తాయి, ఆడనప్పుడు గడియారంలా టైము చూపిస్తాయి. తెర మీద బుల్లి మనిషొకడు గంప పట్టుకుని నిలబడతాడు. పైనించి చేపలు పడతాయి. అటొక బటను, ఇటొక బటను. చేప కింద పడితే 'కుయ్' మంటుంది. మూడు పడ్డాయా, ఆట ఖతం. చెప్తే ఇంతే. ఆడితే మాత్రం, అమ్మ బాబోయ్!

సరుకంతా అటకెక్కించేశాడాయన. షోకేసులో ఖాళీ డబ్బా ఒకటి పెట్టి 'త్వరలో' అని అట్ట కట్టాడు. "ఇప్పుడమ్మితే ఏముందమ్మా? పోర్టోళ్లకి బోనసు పడనీ. అప్పటిదాకా లేదు లేదంటే, ఆ రోజు తలుపులు విరగ్గొట్టుకుని వస్తారు" అన్నాడు. నా మొహం చూసి గొంతు తగ్గించి, "నోరు మెదపకుండా ఉన్నావనుకో, పండక్కి నీకొక పీసు ఊరికే ఇచ్చేస్తాను" అన్నాడు.

అంతే, నా నోటికి తాళం పడింది. అలాగని నాకు కోపం రాలేదనుకునేరు. అడిగినవాడికి అమ్మకపోతే షాపెందుకు, చేపలమార్కెట్లో అయితే సరుకు గంప కింద దాచి లేదంటే ఊరుకుంటారా అని దారంతా గొణుక్కునేదాన్ని. పొద్దున్నే టెస్టింగ్ పేరు చెప్పి అటకెక్కి, రెండు బటన్ల మీద వేళ్లు పెట్టగానే ధర్మం గిర్మం అన్నీ గాలికిపోయేవి. నాకా పీసు కావాలి. చచ్చినా కావాలి. అన్నం తింటున్నా వేళ్లు కంచం మీద టకటకలాడుతుంటే "దీనికేటో గాలి సోకిందే" అని మా అమ్మ దిష్టి కూడా తీసేసింది.

అడగడానికి ఎంతమందొచ్చినా, రోజూ వచ్చేది మాత్రం ఒక్కడే. పోర్టులో క్రేన్ డ్రైవరు. గుమ్మానికి అడ్డంపడే మనిషి, గుబురు మీసాలు, చంకలో హెల్మెటు, చొక్కా నిండా ఎర్ర దుమ్ము. డ్యూటీ దిగి తిన్నగా వచ్చేసేవాడు.

"ఏటమ్మా, స్టాకుందేటి?"

"నేదు బాబాయ్."

"మా మనవడు పేణం తీసేత్తన్నాడు తల్లీ. ఎప్పుడొత్తాది?"

"తెలీదు బాబాయ్" అనేదాన్ని, నెత్తి మీద అటక నిండా పెట్టుకుని. ఆయన 'త్వరలో' డబ్బా వంక ఓసారి ఆశగా చూసి వెళ్లేవాడు. పాపం అనిపించేది. అయినా నోరు విప్పలేదు.

బోనసు రేపో మాపో అనగా, షాపు సెలవు రోజున ఓనరు నన్ను సాయానికి పిలిచాడు. డబ్బా తెరవగానే టైము నడుస్తూ కనపడాలని ఆయన పట్టుదల. బ్యాటరీలు వేసి, గోడ గడియారం చూసుకుంటూ అన్నిట్లో తనే టైము పెట్టాడు. ఆడపిల్ల చేతికిస్తే తప్పు పెడుతుందట! దీపాలు పెట్టేవేళ అయింది. ఏవో బటన్లు నొక్కితే ఒకదాని తెర మూల చిన్న గంట బొమ్మ వచ్చింది. "చూశావా, గుడిగంట! శుభం" అని మురిసిపోయి, మిగతా వాటన్నిట్లోనూ ఆ గంట వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాడు.

మర్నాడు సాయంత్రం షాపు కిటకిటలాడుతోంది. క్రేన్ బాబాయ్ ముందు వరసలో ఉన్నాడు. "బాబూ, నిజం సెప్పీ. దాసేసేరని బయటందరూ అనుకుంతన్నారు" అన్నాడు. ఓనరుకి రోషమొచ్చింది. గోడ మీద అమ్మవారి పటం వైపు చెయ్యెత్తి, "ఆ తల్లి మీద ఒట్టు! ఒక్క పీసు ఉంటే..." అన్నాడు.

పటం పైనే అటక. అక్కణ్నించి 'కీకీకీకీ' మని మొదలైంది. ఒకటి కాదు, మొత్తం అటకంతా! ఆ గుడిగంట అలారమనీ, నిన్న దీపాలవేళ నొక్కిన టైముకే మోగుతుందనీ అప్పుడు తెలిసింది మాకు. ఓనరు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది.

"అమ్మోరు పలికీసిందిరా!" అని ఎవరో ముసలమ్మ చెంపలేసుకుంది. షాపంతా ఒకటే నవ్వు. నేనైతే కౌంటర్ కింద కూలబడి పొట్ట పట్టుకున్నాను.

"అవి... పూజకి పెట్టాను. ఆయుధపూజ అయ్యేదాకా ముట్టకూడదు" అని నసిగాడు ఓనరు.

"ఓస్, అంతేనా? ఆ పూజేదో ఇప్పుడే కానిచ్చీ బాబూ. కొబ్బరికాయ నాను తెత్తాను!" అని క్రేన్ బాబాయ్ బయటికి పరిగెత్తాడు. అలా మా షాపుకి దసరా ముందే వచ్చేసింది. గుమ్మంలో కాయ కొట్టీ కొట్టగానే జనం మీద పడ్డారు. బోనసు లేకపోయినా డబ్బు ఎక్కణ్నించి తెచ్చారో, చూస్తుండగానే సరుకు ఖాళీ. కాయ కొట్టి, చిప్పలు ఏరి, తలా ఓ ముక్క పెట్టి బాబాయ్ లోపలికొచ్చేసరికి ఒక్కటే మిగిలింది.

"అది ఈ పిల్లదండీ, మాటిచ్చాను" అన్నాడు ఓనరు.

బాబాయ్ మొహం వాడిపోయింది. "మనవడికి... పట్టుకెళ్లిపో బాబాయ్" అన్నాను. అంటుంటే ఏడుపొచ్చింది.

ఆయన మీసాలు నిమురుకుని, సిగ్గుపడుతూ, "మనవడు నేడమ్మా. మా అమ్మాయికింకా పెళ్లే కానేదు. నాకే కావాల" అన్నాడు.

ఇవ్వబోయిన చెయ్యి చటుక్కున వెనక్కి లాగేశాను. "అలాగైతే పందెం! ఎవరెక్కువ చేపలు పడితే వాళ్లది."

ముందు ఆయన ఆడాడు. ఆ లావు బొటనవేళ్లతో రెండు బటన్లూ ఒకేసారి నొక్కేస్తున్నాడు. "దించు! దించు! ఆపీ!" అని చేపల మీద కేకలు. మూడూ టపటపా రాలిపోయాయి. నేనాడితే ఎంతకీ ఆట అవట్లేదని ఓనరే విసిగిపోయి షట్టరు సగం దించేశాడు. జాలి గీలి ఏమీ పడలేదు, గెలిచి తీసేసుకున్నాను.

మర్నాడు సాయంత్రం గుమ్మంలో అదే ఎర్ర దుమ్ము చొక్కా. బోసిపోయిన షోకేసు వంక చూసి, నా వంక చూసి, నవ్వాపుకుంటూ, "ఏటమ్మా, స్టాకుందేటి?"

అన్నాళ్లూ లేదు లేదన్న నోటితో "ఉంది బాబాయ్" అని బ్యాగులోంచి తీసి చేతిలో పెట్టాను. ఎంత హాయిగా అనిపించిందో! స్టూలు లాక్కుని కూర్చుని, "ఒక్క ఆటే" అన్నాడు. నాకు పెళ్లయి షాపు మానేసేదాకా, ఆయన ఒక్క ఆటతో లేచిన రోజు లేదు.