తుమ్మేవాళ్లు దరఖాస్తు చేయరాదు

విగ్గులావిడ దుకాణంలో ఇరవై రెండేళ్లుగా ముడులు వేస్తున్న పెద్దావిడ ఒకరోజు పొద్దున్నే వచ్చి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నాకిప్పుడు సూదులు రెండు కనిపిస్తున్నాయమ్మా. అందులో ఏది నిజమో తెలియట్లేదు" అని చెప్పి పని మానేసింది. అప్పటికి పది తలలు వరసలో ఉన్నాయి. నాటకాలవాళ్లవి ఆరు, జబ్బు చేసి జుట్టు రాలినవాళ్లవి మూడు, పెళ్లి కుదిరిన ఒక బట్టతల పెద్దమనిషిది ఒకటి.

విగ్గంటే జుట్టు అతికించెయ్యడం కాదు. పల్చటి వల మీద, మొన వంగిన సూదితో ఒక్కొక్క వెంట్రుకనూ లాగి ముడి వెయ్యాలి. ఒక తలకు ముప్పై వేల ముడులు. విగ్గులావిడ ఒక్కతే కూర్చుంటే పెళ్లికొడుకు తాతయ్యే వయసు వచ్చేస్తుంది.

జుట్టు అమ్మే వర్తకుడు పరాయి దేశంలో ఒక పనిమంతురాలు ఉందని చెప్పాడు. ఆమె పంపిన అరచేయంత నమూనాను విగ్గులావిడ కిటికీ దగ్గర పట్టుకుని చూసింది. ముడులు కనిపించలేదు. భూతద్దం తెచ్చి చూసింది. అప్పుడూ కనిపించలేదు. "ఈవిడే కావాలి" అంది.

కావాలంటే వచ్చేస్తారా? ఏడాది వీసాకు ముందు దుకాణం పూచీ పడాలి. ఈ పని చేయగలవాళ్లు దేశంలో దొరకలేదని మూడుచోట్ల సంతకం చెయ్యాలి. అంతకంటే ముందు పేపర్లో ప్రకటన వెయ్యాలి. నిజంగా ఎవరైనా వచ్చిపడతారేమోనని విగ్గులావిడకు దిగులు పట్టుకుంది. ప్రకటన తన చేత్తోనే రాసింది: "గంటకు రెండు వందల ముడులు. తలెత్తకుండా ఎనిమిది గంటలు కూర్చోవాలి. తుమ్మేవాళ్లు దరఖాస్తు చేయరాదు."

కార్మిక శాఖ నుంచి ప్రకటన తిరిగి వచ్చింది. తుమ్ముల వాక్యం మీద ఎర్రసిరా గీత ఉంది. పక్కన "చట్టవిరుద్ధం" అని రాసి ఉంది. ఆ వాక్యం తీసేశాకే ప్రకటన పేపర్లో పడింది.

గడువు చివరిరోజు వరకూ ఒక్కరూ రాలేదు. ఆ సాయంత్రం ఒక దరఖాస్తు వచ్చింది. పంపింది ఆవిడ సొంత ఆడపడుచు! ఆ మహాతల్లి అప్పటికి ఏడు ఉద్యోగాలు మానేసింది. ఎనిమిదోది వెతుక్కునే తీరిక లేక ఖాళీగా ఉంది.

"నేను ఇంట్లో గుండ్రాయిలా ఉండగా విమానంలో మనిషిని తెప్పిస్తావా వదినా?" అని ఒంటికాలి మీద లేచింది.

"నీకు సూదిలో దారం ఎక్కించడమే రాదు కదే!"

"పరీక్ష పెట్టకుండా కాదనకూడదు. రూల్సు చదివాను."

అక్షరాలా అదే రూలు. పరీక్షకు కార్మిక శాఖ అధికారి స్వయంగా వచ్చాడు. సన్నటి మనిషి, నలిగిన ఫైలు, మెత్తటి మాట. నెత్తిన మాత్రం విగ్గు వేలెడు కుడిపక్కకు ఒరిగి ఉంది. విగ్గులావిడ చేతులు దురద పెట్టాయి. వాటిని చీర చెంగులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది.

ఆడపడుచు గంటసేపు నాలుక బయటపెట్టి కష్టపడింది. పదకొండు ముడులు పడ్డాయి. దువ్వెన పెట్టగానే తొమ్మిది ఊడాయి. మిగిలిన రెండూ ఎలాగో నిలబడ్డాయని మురిసిపోతుండగా పెద్ద తుమ్ము వచ్చింది. బల్ల మీది వెంట్రుకలన్నీ లేచి అధికారి ఫైలు మీద వాలాయి.

"దీన్నే చట్టవిరుద్ధం అన్నారు సార్" అంది విగ్గులావిడ నెమ్మదిగా.

ఓడిపోయిన ఆడపడుచుకు నోరు ఊరుకోలేదు. అధికారి తలకేసి చూసి, "మీది కట్టినవాళ్లు కూడా నా లాంటివాళ్లే అనుకుంటా సార్" అనేసింది.

విగ్గులావిడకు పుట్టి మునిగిందనిపించింది.

"తెలుస్తోందా?" అన్నాడు ఆయన చిన్నగా.

"వీధి మలుపు నుంచే తెలుస్తోంది సార్."

ఆయన విగ్గులావిడ వైపు తిరిగాడు. "లోపం ఎక్కడ?"

"ఒకచోట ఒకటి కట్టాల్సింది నాలుగేసి కట్టారు సార్. అందుకే నుదుటి దగ్గర చీపురులా లేచింది. ఇలా ఇవ్వండి, పది నిమిషాల్లో..."

"కేసు తేలేదాకా మీ దువ్వెన కూడా నేను ముట్టుకోకూడదమ్మా" అని లేచాడు. కానీ వాకిట్లో ఆగి, నమూనా ముక్కను వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు.

ఏడు వారాలకు అనుమతి వచ్చింది. ఆ తర్వాత పనిమంతురాలూ వచ్చింది. యాభై దాటిన పొడుగాటి మనిషి. సూదులు సొంత రేకుడబ్బాలో తెచ్చుకుంది. భాష రాదు. ఆడపడుచు ఎవరూ అడగకుండానే దుబాసీగా చేరిపోయి, చేతులతో, కళ్లతో, అప్పుడప్పుడు కాళ్లతో కూడా మాట్లాడేది.

రెండోరోజు పొద్దున ఆ కొత్తావిడ అద్దాల బీరువా తెరిచింది. వచ్చినవాళ్లందరికీ విగ్గులావిడ తన చేత్తో కట్టానని గొప్పగా చూపించే విగ్గును తీసి, తిరగేసి లోపల చూసి, చప్పరించి, సూదితో పని మొదలుపెట్టింది.

"ఏం చేస్తోందే ఆవిడ?"

"విప్పుతోంది వదినా."

"ఏది?"

"నీదే." ఆడపడుచు ముఖం పండగ చేసుకుంటోంది.

విగ్గులావిడకు ఒళ్లు మండింది. జీతమిచ్చేది తను, గది చూపించింది తను, విమానం టిక్కెట్టు కొన్నది తను! ముఖం మాడ్చుకుని మధ్యాహ్నం దాకా అటు చూడలేదు. తర్వాత ఓరకంట చూసింది. విప్పినచోట మళ్లీ కట్టిన పాపిడి అచ్చం నెత్తి మీద మొలిచినట్టే ఉంది. ఈ పని చేయగలవాళ్లు దేశంలో లేరని తను సంతకం పెట్టిన కాగితం గుర్తొచ్చి, ఆవిడకు నవ్వాగలేదు. స్టూలు లాక్కుని కొత్తావిడ పక్కన కూర్చుంది.

రెండు వెంట్రుకలు కలిపి కట్టినప్పుడల్లా విగ్గులావిడ వేళ్ల మీద దువ్వెనతో దెబ్బ పడేది. ఆడపడుచు గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఆ దెబ్బలు లెక్కపెట్టేది. ఆ ఉద్యోగం మాత్రం ఆమె మానలేదు.

ఏడాది తిరిగింది. వీసా పొడిగింపు కాగితంలో, ఈ పనివారు ఇంకా ఎంతకాలం అవసరం అని అడిగారు. విగ్గులావిడ "నాకు ఈ పని వచ్చేదాకా" అని రాసింది. ఆడపడుచు భుజం మీదుగా తొంగిచూడటం గమనించి, గబగబా కొట్టేసి "మరొక ఏడాది" అని రాసింది.

"తక్కువ రాశావు వదినా" అంది ఆడపడుచు.