దారానికీ చక్రానికీ మధ్య
నా చిన్నప్పుడు, సిడ్నీలోని కెల్లీవిల్‌కు మేం కొత్తగా వచ్చిన ఏడాది, నేను మాట్లాడటం దాదాపు మానేశాను. బళ్లో నా ఇంగ్లీషుకు ఇద్దరు నవ్వారు. ఆ రోజు మూసిన నోరు ఇంట్లో కూడా తెరవబుద్ధి కాలేదు. అమ్మ ఎన్ని అడిగినా తల ఊపి ఊరుకునేదాన్ని. సెలవుల్లో అమ్మానాన్నలు నన్ను కాస్త చూస్తుండమని పక్కింటి అక్కకు చెప్పి ఉద్యోగాలకు వెళ్లేవారు. నేను కిటికీ దగ్గర కూర్చుని, ఎవరూ నడవని వీధిని చూస్తుండేదాన్ని.

అక్క వరంగల్ నుంచి చదువుకోవడానికి వచ్చి, ఇక్కడే ఉద్యోగంలో చేరింది. పక్కింట్లో ఓ గదిలో ఒక్కతే ఉండేది. ఆమె పాత కారు ఫుట్‌పాత్ అంచుకు గుద్దుకున్నప్పటి నుంచి ఒక పక్కకు లాగేస్తోంది. ముందు టైరు బయటి అంచు అరిగిపోతోంది. ఓ మధ్యాహ్నం ఆమె ఇంటి ముందు కారుకు రెండు వైపులా ముందొకటి, వెనకొకటి కుర్చీలు పెట్టి, వాటి మధ్య కారు పొడవునా దారాలు బిగించి కట్టింది. నన్ను చూసి చెయ్యి ఊపింది.

"జర ఇటొస్తవా? నాకొక్కదానికి అయితలేదు."

దారం నుంచి చక్రం ముందు అంచుకు ఎంత దూరం, వెనక అంచుకు ఎంత దూరం అన్నది నేను టేపుతో మిల్లీమీటర్లలో కొలిచి చెప్పాలి. రెండూ దాదాపు సమానంగా ఉంటే చక్రం తిన్నగా ఉన్నట్టు. అక్క నేల మీద పడుకుని, చక్రం వెనకున్న కడ్డీని పానాతో తిప్పుతోంది.

"ఎనభై నాలుగు," అన్నాను గొణుగుతూ.

"ఇనవడ్తలేదు, జోర్గ చెప్పు!"

చెప్పాను. ఆమె కడ్డీని కాస్త తిప్పేది. ఇద్దరం కారును ముందుకీ వెనక్కీ నెట్టేవాళ్లం. మళ్లీ కొలిచేదాన్ని. ఎండ మాడుస్తోంది. ఎన్నోసారో గుర్తులేదు, ముందు ఎనభై రెండు, వెనక ఎనభై ఒకటి వచ్చింది. ఆ రెండు అంకెలూ వీధంతా వినబడేలా అరిచాను. తలెత్తి చూస్తే డ్యూటీ నుంచి వచ్చిన అమ్మ, సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయి ఉంది. ఆమె కళ్లు తుడుచుకోవడం నేను చూడనట్టు టేపు చుట్టాను.

సామాను సర్దుతుంటే అక్క కాగితం ఒకటి నా చేతికొచ్చింది. ఎనభై నాలుగు, డెబ్భై ఎనిమిది. నేను మొదట కొలిచిన అంకెలే, పక్కన పొద్దుటి టైముతో సహా, నన్ను పిలవకముందే రాసి పెట్టుకుంది.

"నీకొక్కదానికీ వచ్చుగా అక్కా?"

ఆమె దారం చుట్టసాగింది. "వచ్చు. గని పొద్దుగాల్నుంచి ఎవ్వరితోని మాట్లాడలే. నువ్వు గూడ అంతేనని తెలుసు."

కొన్ని నెలలకు ఆమెకు బ్రిస్బేన్ దగ్గర ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. ఆ కిటికీలోంచి చాలా రోజులు ఆమె కారు లేని చోటునే చూశాను. కానీ అప్పటికి బళ్లో నాకు మాట వచ్చేసింది.

ఇప్పుడు నా జుట్టు నెరుస్తోంది. ఎక్కడైనా ఎవరైనా ఒంటరిగా ఓ మూల నిలబడి కనిపిస్తే, ఏమైందని అడగను. నాకు అవసరం లేకపోయినా, ఓ చెయ్యి వెయ్యమంటాను.