శాలువా వాపస్

మా కొత్తగూడ సేవా క్లబ్బు సెక్రటరీ గారు సన్మానంలో కప్పిన శాలువాను మళ్లీ అడిగి తీసుకునేవారు. ముఖ్య అతిథి కారెక్కే వేళకు సంచి తెరిచి పట్టుకుని పక్కన నిలబడేవారు. "మీ ఇంట్ల ఇసొంటివి శాన ఉంటయి సార్. జర ఇది ఇచ్చిపోండ్రి."

అతిథులు నవ్వుతూ ఇచ్చేసేవారు. నవ్వలేకపోయింది నేనే. మా కంపెనీ పెద్దాయన్ని బతిమాలి రక్తదాన శిబిరానికి తీసుకొస్తే, ఆయన భుజం మీది ఆకుపచ్చ శాలువా కూడా సంచిలోకి వెళ్లిపోయింది. నాకు తల కొట్టేసినట్లయింది. సెక్రటరీ గారు బాలానగర్ ఫ్యాక్టరీలో స్టోర్సు చూసి రిటైరైన మనిషి, ఇచ్చిన పానా సాయంత్రానికి వాపసు రావాలనే బుద్ధి ఎక్కడికి పోతుంది అనుకున్నాను. సెక్రటరీని మార్చమని కాగితం రాసి జేబులో పెట్టుకున్నాను.

ఆ ఆదివారం పొద్దున్నే ఖాజాగూడ చెరువు శుభ్రం చేయడానికి వెళ్లాం. వణికించే చలి. గేటు దగ్గర వాచ్‌మన్ జరీ అంచు శాలువా కప్పుకుని కూర్చున్నాడు. ఆకుపచ్చది. మా పెద్దాయనదే.

"మా సెక్రటరీ గారిచ్చారా?" అన్నాను.

"ఉత్తగ ఇయ్యలే సార్. కుర్చీల కూసోబెట్టి కప్పిండు. రెండు మాటలు మాట్లాడుమన్నడు."

"ఏం మాట్లాడావు?"

"చెరువుల చెత్త వెయ్యొద్దన్న. సప్పట్లు కొట్టిండు."

"ఇంకెవరున్నారప్పుడు?"

"ఎవ్వరు లేరు సార్. ఆయనొక్కడే. శానసేపు కొట్టిండు."