పటేలు బర్రె బిజిలీ బండెక్కిన వారం

యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో పెట్రోలుకు కూపన్లు, బియ్యానికి రేషను, కిరసనాయిలుకు బారెడు వరస. కోత లేకుండా అడిగినంత దొరికిన సరుకు ఒక్కటే, ఆలోచనలు. మా లాల్‌దర్వాజా గల్లీలో అవి మనిషికి మూడు చొప్పున ఉండేవి. మా మేనమామకు మాత్రం ముప్ఫై. పెట్రోలు దొరక్క బస్సులు వెనకాల బొగ్గుల కుంపటి కట్టుకొని, దగ్గుకుంటూ, ఉమ్ముకుంటూ తిరిగేవి. వాటిలోంచి దిగిన మనిషి ఎంత నల్లబడేవాడంటే సొంత పిల్లలే గుర్తుపట్టక తలుపు వేసుకునేవారు (ఒక్కసారి జరిగింది, నేను ప్రతిసారీ అంటాను). మా మామ సర్కారీ వర్క్‌షాపులో ఇరవై ఏళ్ళుగా మోటార్లు బాగుచేస్తున్న మిస్త్రీ. ఒక ఆదివారం అన్నం కలుపుతూ చెయ్యి ఆపి, "అల్లుడా, పెట్రోలు తాగకుంట కరెంటు మీద నడిచే బిజిలీ మోటరు జేస్తే ఎట్లుంటది?" అన్నాడు. నాకు పద్దెనిమిదేళ్ళు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి తప్పడానికి శ్రద్ధగా చదువుతున్నాను. "మస్తుంటది మామా" అన్నాను. ఆ ఒక్క మాటతో నేను మేనేజరునయ్యాను.

"లాల్‌దర్వాజా బిజిలీ డెలివరీ బండ్ల కార్ఖానా" అని బోర్డు రాయించాం. బోర్డు పొడవు కార్ఖానా వెడల్పుకంటే రెండు మూరలు ఎక్కువ కావడంతో "కార్ఖానా" అన్న మాట పక్కింటి గోడ మీదికి పోయింది (పక్కింటాయన అభ్యంతరం చెప్పలేదు, ఆయనకు చదువు రాదు). కార్ఖానా అంటే పాల పటేలు ఖాళీగా ఉంచిన బర్రెల కొట్టం. పాల పటేలు మా గల్లీకి కిరీటం లేని నవాబు. ఆయనకు నూరు బర్రెలు (నేను లెక్కపెట్టినప్పుడు పంతొమ్మిది), వాటి కొమ్ములతో పోటీపడే మీసాలు. సిబ్బంది ముగ్గురం: మామ, నేను, ఉస్తాద్. ఉస్తాద్‌ది రేడియో బ్యాటరీలు చార్జి చేసే దుకాణం. కరెంటు లేని ఇళ్ళవాళ్ళు తమ బ్యాటరీలు ఆయన దగ్గర పెట్టి, రెండు రోజుల తర్వాత పట్టుకుపోయేవారు. మా బండికి పదహారు బ్యాటరీలు కావాలి. ఉస్తాద్ దుకాణంలో సరిగ్గా పదహారే ఉన్నాయి. అందులో ఒక్కటీ ఆయనది కాదు. "ఫికర్ నక్కో భాయ్," అన్నాడు ఉస్తాద్, "కరెంటు ఇంకా నిండలేదని చెప్తా. నిండిందో లేదో మూత తీసి ఎవరు చూస్తారు?" ఆ తర్వాత చాలా రోజులు లాల్‌దర్వాజాలో ఒక్క రేడియో పలకలేదు. యుద్ధం ఆగిపోయిందనుకొని కొందరు మిఠాయి పంచుకున్నారు.

తుక్కులో దొరికిన కారు చట్రం మీద, మూతపడ్డ పిండిమర మోటారు బిగించి, పైన ఒక చెక్కపెట్టె కట్టి, మామ బండి తయారుచేశాడు. అది ఎలా నడిచిందని మాత్రం నన్ను అడగవద్దు. నేను మేనేజరును, నాకేం తెలుస్తుంది? కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మామ ఒక మీట నొక్కాడు. నిమ్మకాయలు చితికాయి. అంతే, ఇంకే చప్పుడూ లేదు! ముందు ఎద్దు లేదు, వెనక పొగ లేదు, బండి మాత్రం పోతోంది. గల్లీ గల్లీ అంతా నోరు తెరిచింది. నోరు తెరిచినవాళ్ళలో ఒకాయన నోట్లోని పాన్ జారి కొత్త అంగీ మీద పడినా మూడు నిమిషాలు చూసుకోలేదు. ఒక ముసలమ్మ బండికి ఎదురొచ్చి దండం పెట్టి, దారి ఇవ్వడం మరిచిపోయి, బండి ఆగాక దానికే ఉప్పు దిష్టి తీసింది. పాల పటేలు బండి చుట్టూ మూడుసార్లు తిరిగి, ఎవడో కింద దూరి తోస్తున్నాడేమోనని వంగి చూసి, లేచి, మీసం దువ్వాడు.

"మిస్త్రీ, ఒక్క వారం నా పాలు ఇండ్లకు మోసి చూపియ్యి. వారం తిరిగేసరికి బండి నాకు నచ్చిందనుకో, ఆరు బండ్లు నాకే. మా సుట్టాల కొట్టాలకు ఇంకో ఆరు."

మర్నాడు మామ వర్క్‌షాపు ఉద్యోగం వదిలేశాడు. ఆ రాజీనామా నేనే ఇంగ్లీషులో రాశాను. అంత పొడుగు మాటలు ఆ వర్క్‌షాపు అంతకుముందు చూసి ఉండదు. అత్తకు విషయం తెలిసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆమె చేతిలోని గరిటె చారులోనే ఉండిపోయింది.

"నౌకరి ఇడిసినవా?"

"ఇడిసిన. పన్నెండు బండ్లు జెయ్యాలె. నౌకరి జేసుకుంట ఎట్లయితది?"

"పటేలు కొన్నడా?"

"వారమైతే కొంటడు."

"మరి వారమైనంక ఇడిస్తే ఏమాయె?"

మామ ఆ గరిటె అందుకొని తన కంచంలో తనే చారు పోసుకున్నాడు. ముగ్గురు పిల్లలు, ఒక అత్త, తేరగా తిండి తినే ఒక మేనేజరు. మా అందరి అన్నమూ ఆ ఒక్క వారం మీద ఆధారపడింది.

మొదటి రోజు తెల్లవారగానే తళతళలాడే పాలక్యాన్లు బండిలో పెట్టి, పటేలును ముందు కూర్చోబెట్టుకొని బయల్దేరాం. మొదటి ఇల్లు ఒక వకీలుది. ఆయన తల్లి గిన్నె పట్టుకొని బయటికి వచ్చి, బండిని చూసింది, క్యాన్లను చూసింది, బండి వెనక్కి వెళ్ళి చూసింది.

"పటేలా, బర్రె ఏది?"

"బర్రె కొట్టంల ఉన్నదమ్మా. పాలు వచ్చినయి."

"బర్రె రాకుంట పాలెట్ల వస్తయి?" ఆమె గిన్నెను పైట కింద దాచేసింది. "నా కండ్ల ముంగట పిండితేనే పాలు. లేకుంటే అవి ఏం నీళ్ళో ఎవరికి ఎరుక?"

చదివేవారు నన్ను క్షమించాలి. మా గల్లీల్లో పాల పద్ధతి అది. బర్రె గుమ్మం ముందుకు రావాలి, పాలవాడు ఖాళీ చెంబు బోర్లించి చూపించాలి, ఇల్లాలు తలూపాలి, అప్పుడు పిండాలి. పటేలు ముప్ఫై ఏళ్ళుగా బర్రెల్ని గుమ్మం గుమ్మానికీ తిప్పుతున్నవాడే. మామ పుట్టినప్పటినుంచి గుమ్మం ముందు పిండిన పాలే తాగినవాడు. నేను ఇరవై వేలసార్లు ఆ చెంబు బోర్లించడం చూసినవాణ్ణే. అయినా బండి కడుతున్న నెల రోజుల్లో ఒక్కరికీ, అంటే ఒక్కరికీ, బర్రె గుర్తు రాలేదు! ఆ రోజు ఒక్క గిన్నె కూడా బయటికి రాలేదు. కొట్టానికి తిరిగొచ్చి నలుగురం క్యాన్ల చుట్టూ కూర్చున్నాం. పాలు విరిగాయి.

మామ తలెత్తాడు. ఆయన కళ్ళలో ముప్ఫై ఒకటో ఆలోచన మెరవడం చూసి నేను లేచి గుమ్మం వైపు జరిగాను.

"బర్రెను గూడ ఎక్కిద్దాం."

పటేలు దిగ్గున లేచి నిలబడ్డాడు. అది కోపమనుకున్నాను. కాదు, గర్వం. "మా తాత గుర్రం గూడ ఎక్కలే," అన్నాడు మీసం మెలేసి, "నా మోతి మోటరెక్కుతదా!"

మోతి ఆయన బర్రెల్లో పట్టపురాణి, చిన్న కొండంత ఉంటుంది (చిన్నదేం కాదు, కొండంతే). బండికి వెనక ఒక వాలుపలక బిగించి దాన్ని ఎక్కించాం. దూడ పక్కన లేకపోతే అది పాలు చేపదు కాబట్టి దూడ కూడా రావాలి. బండిలో చోటు లేదు కాబట్టి ముందు సీట్లో మేనేజరు ఒళ్ళో కూర్చుంది. మెడలో బంతిపూల దండతో, చప్పుడు లేని బండి మీద మోతి మా గల్లీలోంచి వెళ్తుంటే జనం మిద్దెలెక్కి చూశారు. ప్రతి గుమ్మం ముందూ బండి ఆగడం, పటేలు చెంబు బోర్లించడం, బండి మీదే పిండడం. వకీలు తల్లి ఆ రోజు రెండు గిన్నెలు తెచ్చింది. మూడు రోజులు మా వైభవం వర్ణించలేను. శాలిబండ నుంచి, బహదూర్‌పురా నుంచి జనం వచ్చి చూసి పోయారు. మామ నేల మీద సుద్దతో పన్నెండు బండ్లూ గీసి, ఏది ఎక్కడ నిలబెట్టాలో నాకు చూపించాడు. అత్త కూడా ఒకసారి వచ్చి, ఎవరూ చూడనప్పుడు బండిని వేలితో ముట్టుకొని వెళ్ళింది.

అయిదో రోజు శాలిబండలో ఒక ఇంటి పనిమనిషి గిన్నె పట్టుకొని వచ్చి, మోతిని జాలిగా చూసింది.

"పాపం, ఏమైందన్నా బర్రెకు?"

"ఏం గాలే," అన్నాడు పటేలు.

"మరి నడుస్తలేదెందుకు?"

"ఎందుకు నడ్వదు? మంచిగ నడుస్తది."

"నడిచేదైతే బండి ఎందుకు ఎక్కిచ్చిండ్రు?"

పటేలు మామ వైపు చూశాడు. మామ ఉస్తాద్ వైపు చూశాడు. ఉస్తాద్ నా వైపు చూశాడు. నేను దూడ వైపు చూశాను (నా కింద ఉద్యోగి అదొక్కటే). మా వైపు కాళ్ళున్నవాళ్ళు నడుస్తారు. బండెక్కి ఊరేగేది ముగ్గురే: పెళ్ళికొడుకు, రోగి, శవం. మోతి పెళ్ళికొడుకు కాదని అందరికీ తెలుసు. ఆ పనిమనిషి గిన్నెతోనే లోపలికి వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికల్లా పటేలు బర్రెకు గాలికుంటు వచ్చి గిట్టలు ఊడిపోయాయట. సాయంత్రానికి ఆ నూరు బర్రెలూ చచ్చాయట. బతికి ఉన్నప్పుడు పంతొమ్మిదే ఉన్న బర్రెలు చచ్చేటప్పటికి నూరు కావడం చూసి నాకే ఆశ్చర్యం వేసింది.

ఆరో రోజు తలుపులు తెరుచుకోలేదు. మా బండికే కాదు, కాళ్ళతో నడిచి వెళ్ళిన పటేలు మిగతా బర్రెలకు కూడా. పటేలు కొట్టంలోకి వచ్చి తలపాగా తీసి నేలకు కొట్టాడు. "మా తాతలకెల్లి ఉన్న ఇండ్లయ్యా ఇవి! నా నోటికాడి ముద్ద గుంజిండ్రు గదరా!" మామ ఆ తలపాగా తీసి, దులిపి, ఆయన నెత్తిన పెట్టి అన్నాడు: "పటేలా, ఒక్క రోజే మిగిలింది. రేపు మోతిని ముంగట నడిపిద్దాం. దాని కాళ్ళు లోకమంతా సూస్తది. ఎనుక బండిల నువ్వే కూసో. బర్రె ఇజ్జతు, బండి ఇజ్జతు రెండూ నిలవడతయి."

ఏడో రోజు పొద్దున మోతి తన నాలుగు కాళ్ళూ ఊరికి చూపిస్తూ ముందు నడిచింది. వెనక బండిలో జరీ తలపాగాతో పటేలు. గల్లీ మలుపు దాకా బాగానే సాగింది. అక్కడ వకీలు తల్లి పరుగున వచ్చి బండి పట్టుకుంది.

"అయ్యో పటేలా! మొన్న బర్రెకు, ఇయ్యాల నీకా?"

"నాకేమైందమ్మా? నేను మంచిగున్న!"

"నడ్వస్తలేదా, నాయినా?"

"నడ్వస్తదే!"

"పానం బాగలేనోళ్ళు అందరు గట్లనే అంటరు," అని ఆమె కళ్ళు ఒత్తుకుంది. ఆ తర్వాత గుమ్మం గుమ్మానికీ అదే. ఒకరు నిమ్మరసం తెచ్చారు. ఒక హకీం, ఎవరూ పిలవకుండానే, నడుస్తున్న బండితో పాటు నడుస్తూ నాడి పట్టుకొని పెదవి విరిచాడు. మహంకాళి గుడి దగ్గరికి వచ్చేసరికి పటేలు కూతురు, అల్లుడు, వాళ్ళ పిల్లలు శోకాలు పెడుతూ ఎదురొచ్చారు. పటేలు నడుస్తున్న బండిలోంచి ఒక్క దూకు దూకి (మా బండి వేగానికి అది అపాయం కాదు), మీసం మీద చెయ్యి వేసుకొని, మోతి పక్కన ధనధనా నడిచాడు. ఇంటివాళ్ళు ఏడుపు ఆపేశారు. ఒక్కొక్క తలుపూ తెరుచుకొని, గిన్నెలు బయటికి వచ్చాయి. మా బండి ఆ వెనకాల ఖాళీగా, చప్పుడు లేకుండా వచ్చింది.

"మిస్త్రీ," అన్నాడు పటేలు కొట్టం దగ్గర, కోపం లేకుండా, "నీ బండిల తప్పు లేదు. కని నాకొద్దు. ఎవ్వరు కొనరు." మామ సరేనని తలూపాడు. నేల మీది సుద్దగీతల్ని కాలితో చెరిపాడు, పన్నెండూ, ఒకదాని తర్వాత ఒకటి. ఉస్తాద్ బ్యాటరీలు ఇళ్ళకు చేర్చాడు. లాల్‌దర్వాజాలో యుద్ధం మళ్ళీ మొదలైంది. బండి పెట్టెలో పటేలు దూడలు పడుకోవడం నేర్చుకున్నాయి.

మర్నాడు మామా నేనూ వర్క్‌షాపుకు నడిచి వెళ్ళాం. అక్కడి ఫోర్‌మన్ ఒకప్పుడు మామ చేతికింద పానా పట్టడం నేర్చుకున్నవాడే. ఆయన మామ మొహం చూడకుండా, "జగా ఉన్నది మిస్త్రీ. కని కొత్త మనిషి లెక్క రావాలె," అన్నాడు. ఇరవై ఏళ్ళ సర్వీసూ ఒక్క మాటతో పోయింది. మామ మాత్రం అంగీ విప్పి మేకుకు తగిలించి, "మనిషి కొత్తగైతే ఏంది, పని పాతదే గద," అన్నాడు. అంతలో వెనక్కి తిరిగి, "మా అల్లునికి?"

"హెల్పరు పని ఉన్నది."

"మేనేజరుగ చేసినోన్ని మామా," అన్నాను, "హెల్పరుగ ఎట్ల జేస్త?"

మామ నన్ను కొడతాడనుకున్నాను. ఆయన నవ్వలేదు కూడా. "నిజమే సాబ్. ఇంటికి పొయ్యి మీ అత్తకు జెప్పుండ్రి, నౌకరి దొరికిందని."

చెప్పాను. అత్త బియ్యం చెరుగుతున్న చాట పక్కన పెట్టి, ఆ వారంలో మొదటిసారి ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకొని, "మరి నీకు?" అంది. నాకు తగ్గ పని అక్కడ లేదని చెప్పాను. చాట నా వీపు మీద పడింది. మర్నాడు పొద్దున నేను వర్క్‌షాపులో హెల్పరును.

ఆ తర్వాత ఎన్నో కొలువులు మారాను. ప్రతి దరఖాస్తులోనూ పాత అనుభవం అన్న గడిలో, మిగతావన్నీ చిన్న అక్షరాలతో రాసి, పైన మాత్రం "మేనేజరు, బండ్ల కార్ఖానా" అని పొందికగా రాసేవాణ్ణి. ఎన్ని బండ్లు చేశారు, ఏం మోశారు అని ఏ అధికారైనా అడుగుతాడేమోనని జవాబు సిద్ధం చేసుకొని, కొత్త అంగీ తొడుక్కొని కూర్చునేవాణ్ణి. ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. ఇంక దరఖాస్తు పెట్టే వయసు కూడా నాకు దాటిపోయింది కాబట్టి, ఎవరూ అడక్కుండానే మీకు చెప్పేశాను.