తమ్ముని కుప్ప

మా బాపు తొంభై ఏళ్లు దాటి బతికాడు. అందులో ఊరికే కూర్చున్న రోజులెన్నంటే వేళ్ల మీద లెక్కపెట్టి చెబుతాను. తెల్లవారకముందే ఇబ్రహీంపట్నం చెరువులో వల, ఎండెక్కాక ఎవరి పొలంలోనో కూలి. జ్వరమొచ్చి పడుకున్నా చేతిలో వల అల్లే దారం ఉండేది. అంతటి మనిషిని తలచుకుంటే నాకు కోపమెందుకు వచ్చేదో చెప్పాలి.

మా వాళ్లు చేపలు పంచుకునే పద్ధతి ఒకటుంది. పట్టినవన్నీ చెరువుకట్ట మీద పోసి, ఇంటికొకటి చొప్పున సమంగా కుప్పలు పెడతారు. ఒకరు వాటికి వీపు పెట్టి చెరువు వైపు తిరిగి నిలబడతారు. ఇంకొకరు ఒక కుప్పకు కట్టె ఆనించి, "ఇది ఎవరికి?" అంటారు. వెనక్కి చూడకుండా ఆయన ఎవరిని చెబితే ఆ కుప్ప వాళ్లది. ఇక పేచీ ఉండదు. మా దగ్గర అలా చెప్పేది బాపే.

బాపు తమ్ముడు, అంటే మా కాక, భార్యాపిల్లల్ని మా పక్క గుడిసెలో వదిలి, నిజాం మీద, దొరల మీద పోరాడే సంఘంలో కలిశాడు. రజాకార్ల కాలమంతా ఆయన కుప్ప ఆయన ఇంటికి పడుతూనే ఉంది. పోలీసు యాక్షన్ అయ్యాక పీడ వదిలిందనుకున్నాం. వదల్లేదు. కొత్తగా పెట్టిన మిలిటరీ క్యాంపు వాళ్లు సంఘంవాళ్ల కోసం ఇల్లిల్లూ వెతకసాగారు.

ఒక ఉదయం క్యాంపు జమేదారు ఉచితంగా చేపలు పట్టుకుపోదామని చెరువుకట్ట ఎక్కాడు. "ఇది ఎవరికి?" అని మావాళ్లు అడగడమూ, జమేదారు వచ్చి నిలబడడమూ ఒక్కసారే. అందరూ బిగుసుకుపోయారు. బాపు వీపు ఇటుంది, ఆయనకేం తెలుసు?

"మా తమ్మునికి" అన్నాడు నింపాదిగా.

బాపును మూడు రోజులు క్యాంపులో ఉంచుకున్నారు. గోడలు పట్టుకుని నడుస్తూ ఇంటికొచ్చాడు. కాక ఎక్కడున్నాడో చెప్పలేదు. నిజానికి బాపుకే తెలియదు.

మర్నాడు తోటి వలవాళ్లు వచ్చారు. "అన్నా, ఇగ ఆ కుప్ప వద్దు. మా వలలు కాలవెడ్తరు."

బాపు వాళ్ల మీద కోపం తెచ్చుకోలేదు. "పిల్లలున్నోళ్లు, మీ భయం మీకుంటది" అన్నాడంతే. ఆ రోజు నుంచి తన కుప్పనే రెండు చేసి, పెద్ద సగం కాక భార్య, మా చిన్నమ్మ గుడిసెలో ఇచ్చాడు. చాలక, ఆ వాచిన కాళ్లతోనే రావిర్యాల దాకా నడిచి బావి తవ్వే పనికి పోయాడు. మా ఇంట్లో గంజి పలచబడింది. పక్కింట్లోంచి చేపల పులుసు వాసన వస్తుంటే, పదేళ్లదాన్ని, నాకు చిన్నమ్మ గొంతు పిసకాలనిపించేది.

మధ్యలో ఎక్కడో పట్టుబడ్డ కాక, మూడేళ్లకు జైలు నుంచి వచ్చాడు. కట్ట మీదికి రాగానే అడిగిన మొదటి మాట, "అన్నా, నా కుప్ప ఆపిన్రా?"

"ఎందుకాపుతరు తమ్మీ? అందరం పెట్టినం."

కాక వలవాళ్లను ఒక్కొక్కరినీ కావలించుకుని ఏడ్చాడు. వాళ్లు తలలు దించుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరవబోతే బాపు నా వైపు ఒక్క చూపు చూశాడు. మూసుకున్నాను, ఆయన పోయేదాకా.

బాపు దినాల నాడు, ముసలి కాక వచ్చినవాళ్లందరి ముందూ చెప్పుకుంటూ పోతున్నాడు. తన పెళ్లాం పిల్లల్ని తోటివాళ్లంతా సాకారట. తన అన్న గురించి విడిగా ఒక్క మాటా లేదు. ఇక ఆగలేక లేచాను. చిన్నమ్మ నా రెక్క పట్టి పెరట్లోకి లాక్కుపోయింది.

"మీరు తిన్నది మా బాపు కూడు. తెల్వదా నీకు?" అన్నాను.

"తెల్వకేంది బిడ్డా? మొదటి దినమే తెలిసింది. సగం కుప్ప కనవడదా?"

"మరి కాకకెందుకు చెప్పలే?"

"మీ బాపు నాతోని ఒట్టేయించుకున్నడు. ఆళ్లు ఆపిన్రని తెలిస్తే మీ కాక ఆళ్లతోని మల్ల నీళ్లల్ల దిగడు, ఊరిడిచి పోతడన్నడు. తమ్ముడు కండ్ల ముందట ఉండాలె, నాకింకేం వద్దన్నడు."

చిన్నమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. "మీ అందరి ఆకలి నాకెరుకనే. ఒక్క ముద్దన్న నాకు సక్కగ దిగలే."

లోపలికి వచ్చి కూర్చున్నాను. కాక నా వైపు తిరిగి, "నువ్వు సూసినవ్ గద బిడ్డా, నిజమా కాదా చెప్పు" అన్నాడు.

"అవ్ కాకా, నిజమే" అన్నాను.