గంప దించిందెవరు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో పాటకంటూ వేరే వేళ ఉండేది కాదు. పని ఉంటే పాట ఉండేది, పని అయిపోతే పాటా అయిపోయేది. చేతులు ఊరికే పెట్టుకుని పాట వినేవాళ్ళను మా అవ్వ సోమరుల కింద జమకట్టేసేది. ఆ బుద్ధి నాకూ వచ్చింది. అందుకే మొన్న నా మనవరాలు మంచం మీద పడుకుని ఫోనులో పాట వింటుంటే, ముందు ఫ్యాను ఆపి, తర్వాత కోప్పడదామని దగ్గరికి వెళ్ళాను. వెళ్ళి అక్కడే నిలబడిపోయాను. అది మా పాటల తాత కట్టిన పాట.

ఎవరో ముసలామె పాడుతుంటే ఎవరో ఫోనులో పట్టి పెట్టారట. కింద జనం రాసుకున్నవన్నీ మనవరాలు చదివి వినిపించింది. ఇది గోవిందుడి మీద కట్టిన పాటేనని ఒకరు, కాదు యేసు ప్రభువు మీదేనని ఇంకొకరు, ఆ తాతకు దేవుడే లేడు, ఇది కూలోళ్ళ పాట అని మరొకరు. అందరికీ ఆ తాతంటే ప్రాణమే. ఆ ప్రాణంతోనే ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. "నువ్వేమంటావ్ అవ్వా?" అని అడిగింది. నేను అనేది ఒక్క మాటలో అయ్యేది కాదు.

బంగారుపాళ్యానికి నాలుగు మైళ్ళ అవతల మా ఊరు. చింతకాయలు రాల్చడం ముగిసి మామిడి మొదలయ్యే ఎండల్లో మా పంచలో ఆడవాళ్ళంతా చేరి చింతకాయలు కొట్టేవాళ్ళు. పెంకు తీసి, కాయను రాతి మీద పెట్టి చిన్న సుత్తితో కొడితే గింజ పక్కకు ఎగురుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య లయ తప్పితే వేలు నలుగుతుంది. అందుకే పాట. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకుంటారు, అందరి సుత్తులూ ఒక్కసారే పడతాయి. ఎత్తుకునేది ఎప్పుడూ పక్కింటి అక్కే.

మండే ఎండలో నా మెడ విరగబోతే
అడగకముందే నా గంప దించిందెవరో

అని ఆమె అంటే, "ఎవరో ఏమో తల్లీ, బరువు దిగె, బరువు దిగె" అని అందరూ అందుకునేవాళ్ళు. ఈ పాట కట్టింది ఏటేటా మామిడి కాలానికి వచ్చి గంపలల్లే ఒక ముసలాయన. ఆయనది ఏ ఊరో మాకు తెలియదు. వెదురు చీలుస్తూ ఏదో గొణుక్కునేవాడు, పది రోజులకు అది పాటయ్యేది. ఆయన వెళ్ళిపోయాక కూడా పాట మా పంచలోనే ఉండిపోయేది. మా ఆడవాళ్ళకు ఆయన మాటంటే వేదం. ఊరందరికీ ఆయన పాటల తాత.

పక్కింటి అక్క వాళ్ళది చర్చికి పోయే కుటుంబం. ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. నన్ను మాత్రం ఒకటో తరగతిలోనే మానిపించి, తమ్ముణ్ణి ఎత్తుకోమని ఇంట్లో పెట్టారు. దానికి నేను ఏడ్చిన ఏడుపు ఆ అక్క ఒక్కతే పట్టించుకుంది. పని మధ్యలో సుత్తి పక్కన పెట్టి, ఎగిరిపడిన చింతగింజలు ఏరి, చాప మీద అక్షరాలుగా పేర్చేది. నాకు పుస్తకం లేదు, పలక లేదు. ఆ పాటే పుస్తకం. రోజుకొక మాట పేర్చి చదివించేది. సాయంత్రానికి గింజలన్నీ మళ్ళీ కుప్పలో కలిపేయాలి, ఒక్కటి తగ్గినా మా అవ్వ ఊరుకోదు. అలా మొదటి వరుస అయిపోయి, రెండో వరుసలో 'అడగకముందే' దాకా వచ్చాం.

ఆ రోజు చెయ్యకూడని పని చేసింది నేనే. చదవడం వచ్చినదాన్ని గదా, అర్థం కూడా కావాలనిపించింది. అందరూ వినేట్టు, "అక్కా, ఇంతకీ గంప దించిందెవరు?" అని అడిగేశాను.

అక్క నవ్వుతూ, "ఇంకెవరే, మా యేసయ్య" అనింది. భారం మోసేవాళ్ళంతా నా దగ్గరికి రండి అని ఆయన పిలిచినాడని చెప్పింది.

మా అవ్వ సుత్తి ఆగిపోయింది. "ఏమ్మే, ఏడుకొండలవాడి సీమలో కూర్చోని ఏం మాట్లాడతాండావు? గోవిందుడు గాక ఇంకెవరు దించుతారు?"

"నాకు తోచింది చెప్పినా పెద్దమ్మా."

"తోస్తే నీ ఇంట్లో తోయించుకో. మా గంపలతో మీ దేవుడికేం పని?"

అక్క ఒళ్ళో పడిన పెంకులు దులుపుకుని, సుత్తిని నా ముందు పెట్టి వెళ్ళిపోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

ఎత్తుకునే గొంతు లేక పంచ మూగబోయింది. ఒకామె ఎత్తుకోబోయింది, నిలవలేదు. సుత్తులు తలా ఒక దారిన పడ్డాయి. మా చిన్నమ్మ వేలు చితికింది. సంతకు రెండు గంపల చింతపండే సిద్ధమైంది. నేను ఒక మూల గింజలు ముందేసుకుని ఆ తర్వాతి మాట పేర్చాలని చూశాను. 'నా' వచ్చింది. 'గం' దగ్గర ఆగిపోయాను. నా చదువు అక్కడితో సరి అనుకున్నాను. అడిగిన నోటిని కొట్టుకోవాలనిపించింది.

అంతలో పాటల తాత వచ్చాడు. కాళ్ళు కడుక్కోకముందే మా అవ్వ ఆయన్ని పట్టుకుంది. "ఏం బావా, పాట కట్టినోడివి నువ్వు. గోవిందుని మీదే గదా కట్టింది? ఆ పక్కింటి పిల్లకు ఒక్క మాట చెప్పిపో." ఆయన సంగతంతా విన్నాడు. పంచ మూలన గింజలతో కూర్చున్న నన్నూ చూశాడు. "చెప్తా వదినా. రేపు సంతకు గంప ఎత్తుకో, దావలో చెప్తా. ఆ పక్కింటి పిల్లను గూడా నేను పిలుచుకొస్తా, రెండో గంపకు మనిషి కావాల గదా" అన్నాడు. తీర్పు తన పక్కనే వస్తుందన్న ధీమాతో మా అవ్వ సరేనంది.

మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. ముందు మా అవ్వ, పది అడుగులు వెనక అక్క, ఇద్దరి నెత్తినా నిండు గంపలు. ఒకరితో ఒకరికి మాట లేదు. వాళ్ళ వెనక తాత, ఆయన వెనక సద్దిముంత పట్టుకుని నేను. సగం దూరం పోయేసరికి ఎండ మండిపోయింది. మా అవ్వ మెడ నరాలు ఉబ్బాయి. ఆపమని ఆమె అడగదు, అక్క అంతకన్నా అడగదు.

ఆ దారిలో ఒకచోట రెండు నిలువు బండల మీద ఒక అడ్డబండ ఉండేది, మనిషి భుజమంత ఎత్తున. నెత్తిన బరువున్నవాళ్ళు వంగకుండా, ఎవరి సాయమూ లేకుండా గంపను దాని మీదికి జరుపుకోవచ్చు. ఇద్దరూ అక్కడ ఆగి, గంపలు పక్కపక్కన దించారు. మా అవ్వ "గోవిందా" అంది. అక్క "యేసయ్యా" అంది. రెండు మాటలూ ఒక్క ఊపిరిలో వచ్చాయి.

తాత ఆ రాతిని అరచేత్తో తుడిచాడు. "ఈ రాయి ఎవరిదో తెలుసునా వదినా?" అన్నాడు.

మా అవ్వకు తెలియదు. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ అక్కడే దించుకుంటోంది. ఎవరిదని ఎప్పుడూ అడగలేదు.

"మా ఇంటిదానిది" అన్నాడు.

కడుపుతో ఉన్న మనిషి కాన్పు కాకుండా పోతే, ఆమె దించుకోలేకపోయిన భారానికి గుర్తుగా దారిలో ఇట్లాంటి రాయి నిలబెట్టడం మా పక్క పాత ఆచారం. ఆమె బరువు దిగలేదు, దారిన పోయేవాళ్ళ బరువైనా దిగనీ అని. తొమ్మిదో నెలలో గంపలు అమ్మబోతే, ఈ దారిలోనే తాత భార్యకు నొప్పులొచ్చాయట. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు.

"రాయి నిలబెట్టి నాలుగు దినాలు ఈడనే కూర్చుంటి" అన్నాడు తాత. "దించుకునేవాళ్ళంతా తలా ఒక పేరు చెప్పి ఊపిరి ఇడిస్తాండ్రి. నా ఇంటిదాని పేరు ఒక్కరికీ తెల్దు. మొదట బాధేసింది. పోనుపోను ఆ ఊపిరి వినేదానికే కూర్చుంటి. పాట ఈడనే వచ్చింది."

గోవిందుడని అనలేదు, కాదనీ అనలేదు.

మా అవ్వ ఆ రాయి మీద చెయ్యి వేసింది. తర్వాత చుట్టకుదురు నెత్తిన సర్దుకుని గంప కిందికి వంగబోయింది. అక్క గబగబా వచ్చి, గంప అంచు పట్టి ఆమె నెత్తికెత్తింది. మా అవ్వ అడగలేదు. క్షమాపణ చెప్పడం మా అవ్వకు జన్మలో తెలియదు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే అంది:

"ఏమ్మే, మూగదాని మాదిరి వస్తాండావే. పాట ఎత్తుకో."

అక్క తన గంప నెత్తికి జరుపుకుని పాట ఎత్తుకుంది. అందుకునేచోట మా అవ్వ గొంతు అక్క గొంతుకన్నా గట్టిగా వినిపించింది. తాత మాత్రం పాడలేదు, రాయి దగ్గరే కాసేపు ఆగి మెల్లగా వచ్చాడు. మర్నాడు మా పంచలో చింతగింజలతో నేను 'గంప' చదివాను.

ఆ అక్క లేదు, అవ్వ లేదు. దారి వెడల్పు చేసినప్పుడు ఆ రాయీ పోయింది. ఇదంతా విని మనవరాలు ఫోను నా చేతిలో పెట్టి, నువ్వే రాయి అవ్వా అంది. నేను రాసింది ఒక్క వరుస. "ఆ రాయి మీద మా అవ్వ గంప, పక్కింటి అక్క గంప పక్కపక్కన దించినారు, నేను చూసినా." అక్షరాలు వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. 'గం' దగ్గర వేలు దానంతటదే ఆగింది.

తిరుమలకు కాలినడకన పోయేవాళ్ళు ఇప్పటికీ మా ఇంటి ముందు నుంచే పోతారు, నెత్తిన మూటలతో. పండగనాడు చర్చికి పోయేవాళ్ళూ అట్లాగే పోతారు, వంటగిన్నెలతో. నాకు మోకాళ్ళ నొప్పులు, లేచేటప్పుడు గోడ పట్టుకోవాలి. అయినా మూట కనపడితే లేస్తాను. వాళ్ళు వాకిలి దాకా వచ్చి నోరు తెరిచేలోపలే నా చేతులు మూట కింద ఉండాలి. దించాక వాళ్ళు ఏదో ఒక పేరు అంటారు. నేను ఆ పేరు వినను, ఆ ఊపిరి వింటాను.