ఎదురువాలు కుట్టు

మా పెద్దమ్మది ఎడమచేతి వాటం. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతా కథంతా దాని వెనకాలే నడుస్తుంది. చిన్నప్పుడు ఆ అలవాటు మాన్పించాలని ఇంట్లో చెయ్యని ప్రయత్నం లేదట. బుజ్జగించారు, స్కేలుతో కొట్టారు, చివరికి ఎడమచేతికి గుడ్డ చుట్టి కట్టేశారు. ఆవిడ ఆ కట్టు పళ్లతో విప్పుకుని, ఆ గుడ్డతోనే బొమ్మకి గౌను కుట్టిందని మా అమ్మ చెబుతుంది. సొంత అక్క గురించి కాబట్టి అమ్మ నాలుగు మాటలు కలిపే ఉంటుంది. కానీ పెద్దమ్మని చూసినవాళ్లెవరూ అబద్ధమనరు. ఎడ్డెమంటే తెడ్డెమనే మనిషి.

ఇప్పుడావిడకి అరవై నాలుగు. మేడమీద రెండు గదులు. ముందు గదిలో కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం. వెనక గదిలో మంచం, పొయ్యి. పాత బట్టల్ని ఇప్పటివాళ్లు వేసుకునేలా తిరగకుట్టడం ఆవిడ పని. నేను పక్కన కూచుని కాజాలు కుడతాను, వచ్చినవాళ్లతో మాట్లాడతాను. ఆవిడ మాట్లాడితే సగంమంది మళ్లీ రారు.

మొన్నామధ్య ఒకమ్మాయి వాళ్ల అమ్మమ్మ గౌను తెచ్చింది. దానిమీదికి అప్పటి టోపీ, అప్పటి చేతితొడుగులు, అప్పటి బూట్లు కూడా ఎక్కడ దొరుకుతాయో చెప్పమంది. పెద్దమ్మ కళ్లజోడు పైనుంచి చూసింది.

"నాటకమేమైనా వేస్తున్నారా?"

"లేదండీ, ఫ్యాషను."

"ఒంటిమీద పాతది ఒక్కటే ఉండాలి, తల్లీ. మిగతావన్నీ ఈ రోజువి. అప్పుడది నీ బట్ట. అన్నీ పాతవే తగిలించుకున్నావనుకో, నువ్వు హ్యాంగరువి."

ఆ పిల్ల గౌను వదిలేసి, మొహం మాడ్చుకుని వెళ్లిపోయింది. వారం తర్వాత వచ్చి, మోకాళ్ల దాకా కత్తిరించిన ఆ గౌను కాన్వాసు బూట్లమీద వేసుకుని చూసుకుంది. అద్దం ముందునుంచి కదిలితే ఒట్టు.

పెద్దమ్మ చెప్పేదొకటి చేసేదొకటి కాదు. ఆవిడకో బూడిదరంగు ఉన్ని కోటుంది, నలభై అయిదేళ్లది. భుజాల్లో ప్యాడ్లు పీకేసింది, చేతులు మోచేతుల దాకా మడిచి కుట్టేసింది, జీన్సుమీద వేసుకుని బజారుకెళ్తుంది.

"అక్కా, ఈ వయసులో నీకీ వేషమేంటి? నలుగురూ నవ్వుతారు" అంటుంది మా అమ్మ.

"నలుగురేనా? ఇంకా ఎక్కువమంది చూస్తారనుకున్నానే."

ఆ కోటు పుట్టుక చెప్పాలి. పందొమ్మిదేళ్లకి పెద్దమ్మ ఒక పేరున్న డిజైనరు దగ్గర పనికి చేరింది. అందరూ ఆయన్ని మాస్టారనేవాళ్లు. కుట్టుపనివాళ్లలో మాస్టరంటే కత్తెర పట్టేవాడు. ఈయన కత్తెర పట్టగా చూసినవాళ్లు లేరు. కాగితంమీద గీసేవారు. గొప్పగా గీసేవారని పెద్దమ్మే ఒప్పుకుంటుంది. "గీత ఆయనదే, కాదంటే కళ్లు పోతాయి. కానీ గీతని ఎవరూ తొడుక్కోరుగా" అంటుంది.

ఆవిడ చేతికిచ్చిన మొదటి కోటుకే తప్పు జరిగింది. లోపలి జేబు ఎక్కడ పెట్టాలో చూడ్డానికి కోటు తనే తొడుక్కుని, చెయ్యి దానంతటది ఎక్కడికి వెళ్తే అక్కడ సుద్దముక్కతో గీసుకుంది. ఆ చెయ్యి ఎడమచెయ్యి. ఎడమరొమ్ముమీద ఉండాల్సిన జేబు కుడివైపుకొచ్చింది. కుట్టంతా అయ్యాక మాస్టారు చూసి, కళ్లు నెత్తికెక్కాయా అని నానా తిట్లూ తిట్టారు. విప్పడానికి టైము లేదు, కోటు అప్పటికప్పుడు ఇచ్చెయ్యాలి. ఇచ్చేశారు. వేసుకున్న పెద్దమనిషి అదేదో కొత్తగా ఉందని పదిమందికీ కోటు తెరిచి చూపించాడు. మర్నాటినుంచి మాస్టారు అది తన ఆలోచనేనని చెప్పడం మొదలుపెట్టారు. అక్కణ్నుంచి ఆయన కోట్లన్నిటికీ లోపలి జేబు కుడివైపే. ఆ మొదటి కోటులో మిగిలిన గుడ్డకి ఇంకో ముక్క అతికి పెద్దమ్మ తన కోటు కుట్టుకుంది.

పదకొండేళ్లు కుట్టింది. ఒకరోజు అడిగింది: "కాలరు కింద మీ పేరు కుడుతున్నాం కదా మాస్టారూ, లోపలెక్కడో చిన్నగా నా పేరు కూడా కుట్టుకోనా?" మాస్టారు పగలబడి నవ్వారట. "సూదికి పేరేంటే!" అన్నారట. పెద్దమ్మ చేతిలో సూదిని తన కాలరు కింద గుచ్చుకుని, కోటు తొడుక్కుని, మెట్లు దిగి వచ్చేసింది. ఇప్పటికీ ఆవిడ కాలరు కింద దారం ఎక్కించిన సూది ఒకటి ఉంటుంది.

ఇది జరిగి ముప్పై నాలుగేళ్లు. మాస్టారు పోయి కూడా పదేళ్లయింది. ఈ మధ్య ఒక పెద్ద హాల్లో ఆయన బట్టల ప్రదర్శన పెట్టారు. ఆయన కోట్లున్నవాళ్లు తెస్తే నిపుణులు పరీక్షించి అసలువో కాదో చెబుతారని పేపర్లో వేశారు. పెద్దమ్మ పేపరు మడిచి పక్కన పెట్టింది. "వాళ్లేం రాశారో చూసొద్దాం పదవే. నా పేరుందేమో."

"ఉండదు పెద్దమ్మా" అన్నాను.

"అయితే ఉండేలా చేద్దాం."

హాల్లో గాజుపెట్టెల వెనక పన్నెండు కోట్లు నిలబడి ఉన్నాయి. పెద్దమ్మ ఒక్కోదాని ముందు ఆగి, "ఇది వానలో కుట్టింది", "దీనికి వేలు తెగింది" అని గొణుక్కుంటూ నడిచింది. నాలుగోదాని పక్కన పెద్ద బోర్డు. ఇలా రాసుంది: "లోపలి జేబును మాస్టారు కుడివైపుకు మార్చారు. మనిషి గుండెకు దూరంగా దాచుకునే రహస్యానికి ఆయన ఇచ్చిన చోటు అది."

పెద్దమ్మ రెండుసార్లు చదివి, గార్డు పరిగెత్తుకొచ్చేంత గట్టిగా నవ్వింది. "రహస్యమట! నా ఎడమచెయ్యేనే ఆ రహస్యం!" పన్నెండు బోర్డులూ చదివాం. మాస్టారి పేరు తప్ప ఇంకో పేరు లేదు. నవ్వు ఆగిపోయింది. ఆవిడ దవడ బిగుసుకోవడం చూసి నాకు భయమేసింది.

చివర్లో ఒక బల్ల వెనక నిపుణురాలు కూచుంది. ముప్పై అయిదేళ్లుంటాయి, చేతిలో భూతద్దం, మర్యాదగల మనిషి. కోటు విప్పమంది. పెద్దమ్మ విప్పలేదు, ఒక పక్క అంచు తిప్పి చూపించింది. నిపుణురాలు లైనింగుమీద వంగి చాలాసేపు చూసి, మొహం వెలిగిపోతూ లేచింది.

"మేడమ్, ఈ చేతికుట్టు చూడండి. మామూలుగా కుట్టు ఒకవైపు వాలుతుంది. ఇది దానికి ఎదురు వాలింది. మాస్టారు స్వయంగా కుట్టారనడానికి మేం చూసే గుర్తు ఇదే. ఈ పన్నెండు కోట్లనీ ఇలాగే తేల్చాం. మీది అసలైన మాస్టారి కోటు!"

చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ వాళ్లని చూడనైనా చూడలేదు.

"ఆయనది ఎడమచేతి వాటమా అమ్మా?"

"అయ్యుండాలి. కుట్టే చెబుతోందిగా."

నిపుణురాలి వెనక గోడకి మాస్టారి ఫొటో, నిలువెత్తుది. పెన్సిలు కుడిచేతిలో ఉంది. పెద్దమ్మ వేలితో చూపించింది. అందరూ తలలు తిప్పారు.

"అది... అచ్చు వేసేటప్పుడు ఫొటోలో కుడి ఎడమలు తారుమారై ఉంటాయి" అంది నిపుణురాలు, గొంతు తగ్గించి.

"నీ చెయ్యి ఇలా ఇవ్వు."

నిపుణురాలి కోటు చేతి అంచున లైనింగు ఊడి వేలాడుతోంది. పెద్దమ్మ కాలరు కిందనుంచి సూది తీసింది. ఎడమచేత్తో నాలుగు కుట్లు వేసి, దారం పంటితో కొరికింది.

"ఇప్పుడు నీ అద్దంలోంచి చూడు."

నిపుణురాలు తన మణికట్టుమీద భూతద్దం పెట్టుకుంది. చూసింది. లేచి నాలుగో గాజుపెట్టె దాకా వెళ్లి చూసింది. తిరిగొచ్చి మళ్లీ తన మణికట్టు చూసుకుంది.

"చెప్పమ్మా" అంది పెద్దమ్మ. "నీ కోటు కూడా మాస్టారే కుట్టారా?"

నాకు ఏడుపొచ్చింది. చెప్పడానికి సిగ్గేం లేదు, అంతమందిలో వెక్కి వెక్కి ఏడ్చాను. పెద్దమ్మ మాత్రం సూది మళ్లీ కాలరు కింద గుచ్చుకుని, "పదవే, కాజాలు మిగిలున్నాయి" అంది.

నిపుణురాలు గుమ్మం దాకా వెంటొచ్చి పెద్దమ్మ పేరూ అడ్రసూ రాసుకుంది. వారానికి కబురొచ్చింది, బోర్డులు మార్చాం రమ్మని. వెళ్లాం. మాస్టారి పేరు కింద "సహాయకురాలు" అని, దాని పక్కన పెద్దమ్మ పేరు. నాకు సంతోషంగానే ఉంది. పెద్దమ్మ జేబులోంచి సుద్దముక్క తీసి, "సహాయకురాలు" అన్న మాటమీద అడ్డంగా ఒక గీత గీసింది. గార్డు అరిచాడు. నిపుణురాలు చెయ్యెత్తి అతన్ని ఆపింది.

"మరేం రాయమంటారు, మేడమ్?"

"జరిగింది రాయి. ఆయన గీశారు. నేను కోశాను, కుట్టాను. జేబు నా పొరపాటు. అదీ రాయి."

మూడోసారి వెళ్లేసరికి అలాగే ఉంది. "గీసినది" అని మాస్టారి పేరు. దాని కిందే "కోసి కుట్టినది" అని, అంతే పెద్ద అక్షరాల్లో, పెద్దమ్మ పేరు. జేబు సంగతి చివరి వాక్యం. పెద్దమ్మ తన పేరు కింద ఎడమచేతి వేలు పెట్టుకుని, బళ్లో పిల్లలా ఒక్కో అక్షరమూ పైకి చదివింది. "సూదికి పేరుందన్నమాట" అంది.

నిపుణురాలు ఖాళీగా ఉన్న పదమూడో గాజుపెట్టె చూపించింది. "మీ కోటు కూడా ఇస్తే బావుంటుంది మేడమ్. ఎంతకాలమైనా చెక్కుచెదరకుండా చూసుకుంటాం."

పెద్దమ్మ కోటు బొత్తాలు పెట్టుకుంది.

"ఇందులో పెట్టేది రిటైరైనవాటినమ్మా. ఇది ఇంకా డ్యూటీలో ఉంది."